ఆటలో తలకు దెబ్బ తగిలాక తూలడం తగ్గించుకోవడం ఎలా?

"స్కాన్ నార్మల్ వచ్చింది సార్, అయినా నడుస్తుంటే తూలుతోంది." కబడ్డీ, ఫుట్‌బాల్, క్రికెట్ ఆడే పిల్లలు ఫిజియో దగ్గరికొచ్చి చెప్పే మొదటి మాట ఇదే. అప్పటికే ఇంట్లో పైత్యం అనుకుని నిమ్మరసం తాగించి ఉంటారు. లేదంటే జిమ్‌లో ఎవరో సగం బంతి లాంటి బోసు మీద నిలబెట్టి ఉంటారు. రెండూ దండగే.

సీటీ స్కాన్ చూసేది లోపల రక్తం కారిందా, ఎముక చిట్లిందా అని. కంకషన్ అంటే తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు పనితీరులో వచ్చిన తేడా, అది మామూలు స్కాన్‌కి దొరకదు. మనం తూలకుండా నిలబడాలంటే కళ్ళు, లోపలి చెవి, మెడా కాళ్ళలోని కండరాలూ కీళ్ళూ మెదడుకి ఒకే కబురు పంపాలి. దెబ్బ తగిలాక ఆ పొత్తు చెడుతుంది. కాళ్ళలో బలం తగ్గి కాదు తూలేది, అందుకే స్క్వాట్లు ఎన్ని తీసినా పోదు.

ముందు ఒక హెచ్చరిక. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, లేపినా లేవని మత్తు, ఫిట్స్, చేయో కాలో బలహీనపడటం, రెండుగా కనపడటం, మెడ ఎముక దగ్గర నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఇక్కడితో చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

1. మొదటి రెండు రోజులు

24 నుంచి 48 గంటలు నెమ్మదిగా ఉండండి. ఇంట్లో అటూ ఇటూ నడవొచ్చు, ఫోన్ మాత్రం బాగా తగ్గించాలి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతి పాతబడింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన క్రీడా కంకషన్ నిపుణుల సమావేశం కూడా పూర్తి విశ్రాంతి వద్దనే చెప్పింది. ఆ తర్వాత రోజూ నడక, లేదా కదలని సైకిల్ తొక్కడం మొదలెట్టొచ్చు.

2. ఏ రకం తిరుగుడో తేల్చుకోండి

పక్క మీద దొర్లినప్పుడో, పైకి చూసినప్పుడో గది గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతోందా? అయితే లోపలి చెవిలోని సన్నని స్ఫటికాలు చోటు తప్పి ఉండొచ్చు. తలకు దెబ్బ తగిలాక ఇది మామూలే. దానికి ఎప్లీ అనే విడి పద్ధతి ఉంది, తలని వరసగా కొన్ని వైపులకి తిప్పి స్ఫటికాలని వాటి చోటికి చేర్చడం అది. తెలిసినవాళ్ళ చేత ఒకటి రెండుసార్లు చేయిస్తే చాలామందికి పోతుంది. కింద చెప్పే వ్యాయామం దానికి పనిచేయదు. మెడ పట్టేసి ఉన్నా ముందు మెడ సంగతి చూసుకోవాలి.

3. కావలసినవి

తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్, కుర్చీ, గోడ, పక్కన ఒక మనిషి. కొనాల్సిందేమీ లేదు. కాగితం మీద బొటనవేలి గోరంత సైజులో 'ఠ' రాయండి. వేరే అక్షరం వద్దు, 'ఠ'నే రాయాలి. మధ్యలో చుక్క ఉంటుంది కాబట్టి చూపు చెదిరిందో లేదో వెంటనే తెలుస్తుంది. ఫోన్ తెరను గురిగా పెట్టుకోకండి.

4. చూపు నిలిపి తల తిప్పడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. కాగితాన్ని కంటి ఎత్తులో, చేయి చాపినంత దూరంలో గోడకి అంటించి కుర్చీలో కూర్చోండి. చూపు చుక్క మీదే ఉంచి, 'వద్దు' అన్నట్టు తలని అటూ ఇటూ తిప్పండి. ఒక్కో పక్కకి 20, 30 డిగ్రీలు దాటనక్కర్లేదు. మెడ విరిగేలా భుజం దాకా తిప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

వేగం దగ్గర జాగ్రత్త. మరీ మెల్లగా తిప్పితే చెవికి పనే ఉండదు, కళ్ళు వాటంతటవే గురిని అనుసరిస్తాయి. పది నిమిషాలు అలా చేసి "నాకేం కావట్లేదు" అని సంబరపడతారు. మరీ వేగంగా తిప్పితే చుక్క అలుక్కుపోతుంది, అప్పుడు మెదడు నేర్చుకునేదేమీ ఉండదు. చుక్క స్పష్టంగా కనపడే వేగాల్లో అన్నిటికంటే ఎక్కువది ఏదో అదే మీ వేగం. రోజురోజుకీ అది పెరగాలి. ఒకే లయలో టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే మనల్ని మనం మోసం చేసుకోలేం.

మొదట్లో 20, 30 సెకన్లు చాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. మెల్లగా నిమిషానికి తీసుకెళ్ళండి. ఆ తర్వాత 'అవును' అన్నట్టు పైకీ కిందికీ కూడా చేయాలి. పరగడుపున కాదు, తిన్న వెంటనే కూడా కాదు.

కొంచెం తల తిరగాలి. అసలు తిరగకపోతే వ్యాయామం మోతాదు చాలనట్టే. అయితే దానికీ హద్దుంది. మొదలెట్టే ముందు తిరుగుడుకి పదికి ఎంత మార్కు ఇస్తారో కాగితం మీద రాయండి. చేస్తుండగా అది రెండు కంటే ఎక్కువ పెరిగితే ఆపేయండి. ఆపిన 15 నిమిషాల్లో మొదటి మార్కుకి రావాలి. గంటైనా తగ్గకపోతే ఎక్కువ చేసినట్టే, మర్నాడు సమయం సగానికి కోయండి. పంతం పట్టి చేసే ఆటగాళ్ళే వెనకబడతారు. మొదటి తిరుగుడుకే భయపడి మానేసేవాళ్ళదీ అదే గతి.

కూర్చుని సులువయ్యాక నిలబడి, ఆపైన పాదాలు దగ్గరపెట్టి, చివరికి నడుస్తూ చేయాలి. అదీ తేలికైతే కాగితం వెనక గళ్ళ దుప్పటి వేలాడదీయండి. ఇంతకాలం గొప్పగా నడిచినవాళ్ళు దుప్పటి ముందు ఊగుతారు. సూపర్ మార్కెట్లో అరల మధ్య నడుస్తుంటే తల తిరగడానికి కారణం కూడా కంటి ముందు ఇలా గజిబిజిగా ఉండటమే.

మాత్రల గురించి ఒక మాట. సినారిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటివి తిరుగుడుని అణుస్తాయి, ఎక్కువ రోజులు వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యం కావచ్చు. మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌ని ఎంతకాలం వాడాలో అడగండి.

5. నిలబడటం, నడవడం

చెప్పుల్లేకుండా, గోడ మూలలో. నడుం మీద చేతులు, కళ్ళు మూసుకుని 20 సెకన్లు. మొదట పాదాలు కలిపి, తర్వాత ఒక పాదం వెనక ఇంకోటి, తర్వాత ఒంటికాలి మీద. ఆపైన మూడు మీటర్ల గీత మీద మడమకి వేళ్ళు ఆనించి నడక. బోసు బంతి ఇవన్నీ అయ్యాకే, అది కూడా లేకపోయినా ఫర్వాలేదు.

6. మళ్ళీ ఆటలోకి

తేలిక వ్యాయామం, ఒంటరిగా ఆట డ్రిల్స్, తాకిడి లేని టీమ్ ప్రాక్టీసు, తాకిడి ఉన్న ప్రాక్టీసు, మ్యాచ్, ఇదే వరస. మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం 24 గంటలు. తలకి దెబ్బ తగిలే వీలున్న మెట్టు ఎక్కేముందు డాక్టర్ ఒప్పుకోవాలి. అంతర్జాతీయ క్రికెట్‌లో 2019 నుంచి కంకషన్ అయిన ఆటగాడి బదులు ఇంకొకరిని దింపే వీలుంది. మన ఊరి టోర్నమెంట్లలో మాత్రం ఇంకా ముఖం మీద నీళ్ళు చల్లి రెయిడ్‌కి పంపుతున్నారు.

తిరుగుడు పది రోజులు దాటినా తగ్గకపోతే ఇంట్లో ఒంటరిగా కుస్తీ పట్టకండి. వెస్టిబ్యులర్ వ్యాయామాలు, అంటే లోపలి చెవికీ తూలుడుకీ సంబంధించిన ఇలాంటి వ్యాయామాలు తెలిసిన ఫిజియో ఎవరో మీ డాక్టర్‌ని అడిగి వెళ్ళండి, మార్కులు రాసుకున్న కాగితం కూడా తీసుకెళ్ళండి.