గోదారి జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకి: కాలేజీ ఫ్రిస్బీ టీమ్‌లో చేరడమెలా?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు నుంచి ఆగస్టులో అమెరికా క్యాంపస్‌లో దిగేవాళ్లకి మొదటి వారాలు అపార్ట్‌మెంటు, బ్యాంకు ఖాతా, బియ్యం సంచీల హడావిడిలోనే గడిచిపోతాయి. ప్లేటులాంటి డిస్క్‌ని ఒకరికొకరు విసురుకుంటూ ఆడే అల్టిమేట్ ఫ్రిస్బీ టీమ్‌లు కొత్తవాళ్లకోసం వెతికేదీ అప్పుడే. క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చునే రోజున వెళ్లి పేరు రాయించండి. ఆట రాదని వెనకాడక్కర్లేదు, అక్కడి పిల్లల్లోనూ చాలామంది కాలేజీకొచ్చాకే మొదలుపెడతారు. ఎమ్మెస్ వాళ్లు మాత్రం పోటీల్లో ఆడే అర్హత గురించి కెప్టెన్‌ని ముందే అడగాలి.

వైపుకి ఏడుగురు. డిస్క్ చేతిలో ఉండగా పరుగెత్తకూడదు. ఒక కాలు కదపకుండా, ఎదుటివాడు పది లెక్కపెట్టేలోగా విసిరేయాలి. అవతలి కొసనున్న గడిలో మనవాళ్లు పట్టుకుంటే పాయింటు, నేలపడితే డిస్క్ ఎదుటి జట్టుది.

సాధన ఇక్కడే మొదలెట్టవచ్చు. దాళ్వా కోతలయ్యాక చేలన్నీ మైదానాలే, కాకపోతే మోళ్లు గుచ్చుకుంటాయి, బూట్లు వేసుకోండి. బొమ్మల కొట్లో దొరికే తేలిక ప్లేటు పనికిరాదు. 175 గ్రాముల డిస్కే కావాలి. దొరక్కపోతే అక్కడే కొనుక్కోవచ్చు. రోజూ యాభై బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం), యాభై ఫ్లిక్ (చెయ్యి ఉన్న పక్క నుంచే మణికట్టుతో విసరడం), మొదట పది పదిహేను అడుగుల్లోనే. ఫ్లిక్‌కి మధ్యవేలు అంచు లోపలికి ఆనించి, మోచెయ్యి నడుం దగ్గరే ఉంచి, తడిచెయ్యి విదిలించినట్టు మణికట్టు విదిలించాలి. క్రికెట్ అలవాటున్నవాళ్లు చెయ్యంతా ఊపేస్తారు, డిస్క్ గిరగిరా తిరగడం మాని ఊగిసలాడుతుంది. బయటి అంచు పైకి లేచి బోర్లాపడుతుంటే దాన్ని కాస్త కిందికి వంచి విసరండి. కాకినాడ బీచ్‌లో సాయంత్రపు ఎదురుగాలికి డిస్క్ పైకి లేచిపోతుంది: కిందుగా, ఎక్కువ తిప్పుతో వెయ్యాలి. పట్టేటప్పుడు ఒక అరచెయ్యి పైన, ఒకటి కింద, చప్పట్లు కొట్టినట్టు. కబడ్డీ ఆడినవాళ్లకి కాళ్ల చురుకు ముందే ఉంటుంది.

ప్రాక్టీసుకి తెల్ల చొక్కా ఒకటి, ముదురు రంగుది ఒకటి, ప్లాస్టిక్ స్టడ్స్ ఉన్న ఫుట్‌బాల్ బూట్లు. లోహపు ములుకులు కుదరవు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో క్లబ్ ఆటల దెబ్బలకి వర్తింపు ఉందో లేదో చదువుకోండి.

మనవాళ్లు తడబడేది అసలు వేరేచోట. కాలేజీ మ్యాచుల్లో సాధారణంగా రిఫరీ ఉండడు. తగిలితే మీరే “ఫౌల్” అనాలి. ఎదుటివాడు ఒప్పుకోకపోతే డిస్క్ విసిరినవాడి చేతికి తిరిగి వెళ్తుంది, అంతే, గొడవేం లేదు. పెద్దవాళ్లతో వాదించకూడదన్న మర్యాదతో మౌనంగా ఉంటే టీమ్ నష్టపోతుంది. కెప్టెన్‌ని సారు అనక్కర్లేదు, వాడూ స్టూడెంటే, పేరుపెట్టి పిలవండి.

రెండో ఏడు బల్ల వెనక కూర్చునేది మీరే కావచ్చు. నియమాలు వివరించొద్దు, డిస్క్ చేతిలో పెట్టి విసిరించండి. నంబరు తీసుకున్న సాయంత్రమే మెసేజ్ పంపండి, వారం ఆగితే ఆ ఉత్సాహం ఉండదు. పేర్లు వంద వచ్చినా మైదానానికి వచ్చేవాళ్లు అందులో కొద్దిమందే అనుకోండి. మొదటి ప్రాక్టీసులో రౌండ్లు పరుగెత్తిస్తే వాళ్లూ మళ్లీ రారు. విసరడం, చిన్న ఆట, చాలు. మన తెలుగువాళ్లని పిలిస్తే మొదటిరోజు వెంటబెట్టుకునే వెళ్లండి, అక్కడ కొత్తవాళ్ల మధ్య వదిలి రాకండి.