రాత్రిపూట ఆడవాళ్ళు నడిచే దారిని సేఫ్‌గా మార్చుకోవడం ఎలా

రాత్రి లేటుగా ఇంటికొచ్చే అమ్మాయికి మనందరం చెప్పే మాటలు ఒకటే, ఒంటరిగా రావద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకు, ఫోన్‌లో చార్జింగ్ ఉంచుకో, రాగానే మెసేజ్ పెట్టు. చెప్పాల్సిందే, నేనూ చెప్తాను. కాకపోతే ఈ లిస్టంతా ఆమె చేయాల్సిన పనులే, ఆమె నడిచొచ్చే రోడ్డుకి మనం చేయాల్సిన పని ఇందులో ఒక్కటీ లేదు. మలుపు దగ్గర లైటు నెలల తరబడి వెలగట్లేదనుకోండి, ఆమె ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ చీకట్లోంచే కదా రావాలి. ఆ లైటు వెలిగేలా చేయడం మన చేతుల్లో ఉన్న పనే, దానికో పద్ధతి ఉంది, అదే రాస్తున్నా.

దీన్ని సేఫ్టీ ఆడిట్ అంటారు. పేరు విని ఏదో ఆఫీసు వ్యవహారం అనుకోకండి, కొంతమంది ఆడవాళ్ళు కలిసి చీకటి పడ్డాక తాము రోజూ తిరిగే దారిలోనే నడుస్తూ ఎక్కడ భయమేస్తోంది, ఎందుకేస్తోంది అని రాసుకుంటూ పోవడం, అంతే. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ దీనికి ఒక గైడ్ తయారుచేసింది, అక్కడి నుంచి చాలా దేశాల నగరాలకి పాకింది, ఢిల్లీలో జాగోరి అనే మహిళా సంస్థ వాళ్ళు ఇలాంటి నడకలు చేశారు, 2013లో వచ్చిన సేఫ్టీపిన్ యాప్ ఇదే పనిని ఫోన్‌లోకి తెచ్చింది. ఆ యాప్ ఆడిట్‌లో తొమ్మిది విషయాలు చూస్తారు: వెలుతురు, చుట్టూ దూరం వరకు కనపడుతోందా, మనల్ని ఎవరైనా చూడగలరా, జనం ఉన్నారా, వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది, సెక్యూరిటీ, నడవడానికి దారి, బస్సో రైలో దగ్గర్లో ఉందా, చివరికి అక్కడ నిలబడితే మనకెలా అనిపిస్తోంది. ఆ చివరిది ఉండటం నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే అక్కడ భయమేసిందని చెప్తే చాలు, ఏమైనా జరిగిందా, రుజువేంటి అని ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

ముందు మనుషుల్ని కలపండి. ఆరేడుగురు చాలు, ఎక్కువమంది అయితే ఊరేగింపులా తయారై ఆ వీధి అసలు రూపం కనపడదు. ఫ్రెండ్స్ గ్రూపుతోనే వెళ్ళిపోకుండా ఆ దారిని నిజంగా వాడేవాళ్ళని వెతకండి, నైట్ డ్యూటీ నర్సు, తెల్లారకముందే ఊడ్చడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు, షాపు మూసి వెళ్ళే సేల్స్ గర్ల్, ట్యూషన్ నుంచి వచ్చే స్టూడెంట్, వీల్‌చెయిర్‌లో తిరిగేవాళ్ళు ఉంటే వాళ్ళు కూడా. ఒక్కొక్కరికి ఒక్కో చోటు భయం, అదే రోడ్డు మీద మీకు కనపడనిది వాళ్ళకి కనపడుతుంది. ఒకసారి మాతో నడిచిన ఒక నర్సు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది, "ఆ మందుల షాపు షట్టర్ పడేదాకా నాకేం ఉండదు, పడ్డాకే పరుగు". రోడ్డంతా అదే, మనుషులూ అదే, ఒక్క షట్టర్ పడటంతో ఆమెకది వేరే రోడ్డయిపోతోంది, మ్యాప్ చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

టైము కూడా అందుకే జాగ్రత్తగా పెట్టుకోవాలి. సాయంత్రం ఏడింటికి వెళ్తే అన్ని షాపుల లైట్లూ వెలుగుతుంటాయి, అంతా బాగానే ఉందనిపిస్తుంది, షాపులు మూసాక వెళ్ళండి, లేదా మీ దారిలో ఆఖరి బస్సో ఆఖరి రైలో దిగే టైముకి. మామూలు పనిరోజున ఒకసారి, సెలవు రోజున ఇంకోసారి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక కిలోమీటరుకి మించి పెట్టుకోకండి, ఆగుతూ చూస్తూ నడిస్తే దానికే గంటన్నర పడుతుంది. బయల్దేరే ముందు అందరి ఫోన్లలో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ సెట్టింగ్ ఆన్ చేయించండి, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి పవర్ బటన్ వరసగా ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ మొదలవుతుంది, చాలామందికి ఆ ఆప్షన్ ఉందనే తెలీదు.

ఇక అసలు పని. అన్నిటికంటే ఎక్కువ టైము వెలుతురు మీద పెట్టండి. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వం కట్టించిన హౌసింగ్ కాలనీల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచి పెద్ద లైట్ టవర్లు పెట్టి చూశారు, అక్కడ రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయి. కాబట్టి లైటు అడగడం చిన్న కోరికేం కాదు. అయితే లైటు ఉందా లేదా అని చూసి ఊరుకుంటే సరిపోదు. లైటు ఉన్నా అది రోడ్డు మీద పడుతోందా, మనం నడిచే ఫుట్‌పాత్ మీద పడుతోందా? చాలాచోట్ల బండ్ల కోసమే పెట్టినట్టుంటాయి, ఫుట్‌పాత్ మొత్తం చెట్టు నీడలో ఉంటుంది. పగలు చూస్తే స్తంభం ఉంది, బల్బు ఉంది, రికార్డుల్లో అంతా ఓకే, రాత్రి చూస్తే కొమ్మలు బల్బుని కప్పేసి ఆకులకి తప్ప ఇంకెవరికీ వెలుగు లేదు. ఇంకోటి, లైటు మరీ ఎక్కువున్నా ప్రమాదమే, కళ్ళల్లో కొట్టే ఫ్లడ్‌లైట్ కింద నుంచి పక్క సందులోకి చూస్తే ఏమీ కనపడదు, సందులో ఉన్నవాడికి మాత్రం మనం స్టేజ్ మీద ఉన్నంత స్పష్టంగా కనపడతాం. ఒక దగ్గర దంచికొట్టి తర్వాత వంద అడుగులు చీకటి కన్నా, తక్కువైనా సరే దారంతా ఒకేలా పరుచుకున్న వెలుతురు మంచిది. చెక్ చేయడానికి సులువైన మార్గం ఒకటుంది, మీలో ఒకరు పదిహేను అడుగులేసి అవతల నిలబడండి, ముఖం గుర్తుపట్టగలుగుతున్నామా, ఆ ముఖంలో నవ్వుందో కోపముందో తెలుస్తోందా? తెలియకపోతే అక్కడ వెలుతురు చాలదని రాసేయండి.

తర్వాత కనుచూపు. రోడ్డు పక్కన పొదలు మోకాలి ఎత్తు దాటకూడదు, చెట్ల కొమ్మలు తల పైనుంచి ఉండాలి, మధ్యలో చూపు అటూ ఇటూ పోవాలి. పొడుగ్గా సాగే కాంపౌండ్ గోడలు, వరసగా ఆపిన లారీలు, వ్యానులు, మలుపు తిరిగేదాకా అవతల ఏముందో కనపడని గోడ మూలలు, ఇవన్నీ రాయాలి. సబ్‌వే, ఫుట్ ఓవర్ బ్రిడ్జి లాంటివి వచ్చినప్పుడు ఒకటే ప్రశ్న, మధ్యలో ఉన్నప్పుడు ఎదురుగా ఎవరైనా వస్తే బయటపడటానికి ఇంకో దారుందా? ఉండదు, అందుకే చాలామంది ఆడవాళ్ళు బ్రిడ్జి వదిలేసి బండ్ల మధ్య రోడ్డు దాటుతుంటారు, వాళ్ళకి రూల్స్ తెలీక కాదు. బ్రిడ్జికి రెండు వైపులా నిండుగా హోర్డింగులు కట్టేస్తే లోపలున్న మనిషి రోడ్డు మీదవాళ్ళకి కనపడదు, ఆ హోర్డింగులు తీయించడం బల్బు మార్చడం కంటే కష్టం, అయినా అడగాలి.

బస్ స్టాప్ దగ్గర ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. ఆడవాళ్ళు షెల్టర్ లోపల కూర్చున్నారా, బయట లైటు కింద నిలబడ్డారా? బయట నిలబడ్డారంటే లోపల ఏదో బాగాలేదని అర్థం, యాడ్ బోర్డు అడ్డమో, లోపల బల్బు లేదో, వెనక సందో. బస్సుల విషయంలో ఒక మంచి ఏర్పాటు చెప్పాలి, టొరంటోలో 1991 నుంచి, మాంట్రియల్‌లో 1996 నుంచి, రాత్రిపూట ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు అడిగితే డ్రైవర్ రెండు స్టాపుల మధ్యలో ఇంటికి దగ్గరపడే చోట బస్సు ఆపుతారు. దీనికి కొత్త బస్సులు కొనక్కర్లేదు, డ్రైవర్లకి ఒక ఆర్డరు, బస్సులో ఒక స్టిక్కర్ చాలు. మీ సిటీ బస్సు సంస్థకి రాసే లెటర్‌లో ఇది తప్పకుండా అడగండి.

రోడ్డు పక్క చిరువ్యాపారుల గురించి నా అభిప్రాయం కొంతమందికి నచ్చకపోవచ్చు. రాత్రి పదకొండింటిదాకా బండి పెట్టుకుని కూర్చునే మనిషి ఆ వీధికి కాపలా, ఎవరు ఎప్పుడు వచ్చారో ఆయనకి తెలుసు, పిలిస్తే పలుకుతాడు. ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తామని వాళ్ళందర్నీ లేపేసిన మర్నాటి నుంచి ఆ వీధిలో నడవాలంటే భయమే. నడవడానికి దారి వదిలి వాళ్ళని ఉండనివ్వమనే అడగండి. సీసీ కెమెరాలు వద్దనను, కానీ మొదటి కోరికగా కెమెరా రాయకండి, చాలా కెమెరాలు జరిగిపోయాక చూసుకోవడానికే పనికొస్తాయి, చీకట్లో పెట్టిన కెమెరాకి ముఖం కూడా సరిగ్గా దొరకదు. లైటు, మనుషులు, తర్వాతే కెమెరా.

ఫోటోలు తీసేటప్పుడు నైట్ మోడ్ ఆఫ్ చేయండి, ఫ్లాష్ వాడకండి. ఇప్పటి ఫోన్లు చిమ్మచీకటిని కూడా పగల్లాగా చూపిస్తాయి, ఆ ఫోటో చూసి ఆఫీసులో ఉన్నాయన "బాగానే ఉంది కదమ్మా" అంటారు. ప్రతి స్తంభానికి నంబరు ఉంటే అది దగ్గర్నుంచి విడిగా ఒక ఫోటో తీయండి, నంబరు లేకపోతే ఎదురుగా ఉన్న గేటు గానీ బోర్డు గానీ ఫ్రేమ్‌లో పడాలి. దారిలో ఉన్న ఆడవాళ్ళ ముఖాలు ఫోటోల్లో రాకుండా చూసుకోండి.

ఇంటికొచ్చాక అన్నీ కలిపి ఒక పెద్ద వినతిపత్రం రాయాలనిపిస్తుంది, రాయకండి. అలాంటిది అందరి టేబుల్ మీదకీ వెళ్తుంది, ఎవరి పనీ అవ్వదు. ఒక సమస్యకి ఒక కంప్లైంట్. వీధి లైటు మున్సిపాలిటీ ఎలక్ట్రికల్ వాళ్ళది, కొమ్మలు పార్కుల విభాగానిది, బస్ షెల్టర్ రవాణా సంస్థదో యాడ్ కంపెనీదో, అపార్ట్‌మెంట్ గోడ పక్కన చీకటైతే ఆ అసోసియేషన్ వాళ్ళని అడిగితే ఒక్క బల్బుతో అయిపోతుంది. ప్రతి కంప్లైంట్‌లో చోటు, స్తంభం నంబరు, చూసిన తేదీ, టైము, ఆ దారిలో ఎవరు నడుస్తారు, మీకేం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఇంతే రాయండి. "వెలుతురు మెరుగుపరచగలరు" అని రాస్తే ఎవరూ కదలరు, "ఈ నంబరు స్తంభం లైటుకి అడ్డంగా ఉన్న రెండు కొమ్మలు కొట్టించండి" అని రాస్తే ఒక మనిషిని పంపడానికి వీలవుతుంది. కంప్లైంట్ నంబర్లన్నీ ఒక షీట్‌లో పెట్టుకుని ఏది అయింది, ఏది కాలేదు అని వారం వారం గ్రూపులో వేయండి. ఎంతకీ కదలకపోతే ఆ ఇంజనీరుని, స్థానిక పోలీసు అధికారిని రాత్రి పదింటికి అదే దారిలో మీతో నడవమని పిలవండి, మర్యాదగా, లెటర్ ఇచ్చి. ఆఫీసులో కాగితం మీద చూసినదానికీ ఆ చీకట్లో నిలబడి చూసినదానికీ చాలా తేడా ఉంటుంది, వచ్చినవాళ్ళు అక్కడికక్కడే ఫోన్ చేసి పని చెప్పే అవకాశం ఎక్కువ.

ఎవరి పర్మిషన్ అక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. క్యాబ్ దిగిన అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆఫీసు క్యాబ్ డ్రైవర్ కదలకూడదని కంపెనీతో రూల్ పెట్టించండి. మగవాళ్ళు చేయాల్సింది కూడా ఉంది, ఖాళీ వీధిలో ముందు ఒక అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటే వెనకే వేగంగా నడవకుండా రోడ్డుకి అవతలి పక్కకి మారిపోండి, మీరు మంచివాళ్ళే, ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది. ఎవరైనా ఆమెని ఇబ్బంది పెడుతున్నారని అనిపిస్తే వాడితో గొడవకి దిగక్కర్లేదు, ఆమె దగ్గరికెళ్ళి టైమెంతనో, ఈ బస్సు ఎటెళ్తుందనో అడిగి పక్కనే నిలబడితే చాలాసార్లు వాడే జారుకుంటాడు, తర్వాత ఆమెకేం కావాలో ఆమెనే అడగండి.

పనులు అయ్యాయని మెసేజ్ రాగానే షీట్‌లో టిక్ పెట్టేయకండి, మళ్ళీ అదే టైముకి, వీలైతే అదే మనుషులతో వెళ్ళి చూడండి. కొత్త లైటు సరిగ్గా కళ్ళల్లోకి తిప్పి ఉండొచ్చు, కొమ్మలు సగమే కొట్టి ఉండొచ్చు, పాత చీకటి పోయి పక్క సందుకి మారి ఉండొచ్చు. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో పొద్దు త్వరగా పోయే రోజుల్లో ఒకసారి నడక పెట్టుకోండి, షీట్ మాత్రం ఒక్కరి ఫోన్‌లోనే ఉంచకుండా కనీసం ముగ్గురి దగ్గర ఉండేలా చూసుకోండి, ఒకరు ఇల్లు మారినా పని ఆగకూడదు.