జంట ఫొటోలు: పాతకాలపు స్టీరియోస్కోపును మన బడిలోకి తెచ్చుకునే పద్ధతి

పెద్దవాళ్లకి రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ కాస్త ఎడం వల్ల ఒక్కో కంటికి దృశ్యం కొద్దిగా వేరుగా కనిపిస్తుంది, మెదడు ఆ తేడాని బట్టే ఏది దగ్గర, ఏది దూరం అని లెక్క కట్టుకుంటుంది. ఈ సంగతిని బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో ముఖం చూసుకునే లాంటి అద్దాలతో చేసిన పరికరంతో చూపించాడు. పక్కపక్కనున్న రెండు ఫొటోల్లో ఒక్కోదాన్ని ఒక్కో కంటికి చూపి లోతు తెప్పించే పరికరమే స్టీరియోస్కోపు. 1860ల మొదట్లో అమెరికా రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకుని చూసే తేలికపాటి స్టీరియోస్కోపు తయారుచేసి, పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు. అందుకే అది ఇంటింటికీ చేరింది. అమెరికాలోని కీస్టోన్ వ్యూ కంపెనీ 3.5 × 7 అంగుళాల జంట ఫొటోల కార్డుల వెనక పాఠం అచ్చువేసి బడులకు పెట్టెలకొద్దీ అమ్మింది. అక్కడిదే ఇంకో కంపెనీ, అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ వాళ్లు మన దేశం మీదే 100 కార్డుల సెట్టు వేశారు. సినిమా రాకముందు జనానికి అదే వినోదం, అదే భూగోళం పాఠం.

ఆ పని ఇప్పుడు మామూలు ఫోనుతో, కళ్లద్దాల షాపులో దొరికే రెండు అద్దాలతో చేయొచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో వాడదగ్గ కార్డులు ఎలా తీయాలో, వాటిని చూసే పెట్టె ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాం.

ఫొటో తీయడం

ఒకే ఫోనుతో ఒక ఫొటో తీసి, పక్కకు జరిగి రెండోది తీయాలి. ఎంత జరగాలన్నదే అసలు విషయం. ఫ్రేములో మీకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు దూరాన్ని 30తో భాగించండి. అది 2 మీటర్ల దూరంలో ఉంటే సుమారు 6.7 సెంటీమీటర్లు. అంటే ఒంటి బరువు ఎడమ కాలి మీద ఉంచి ఒకటి, కుడి కాలి మీదకి మార్చి ఇంకొకటి తీస్తే దాదాపు సరిపోతుంది. నెల్లూరు రంగనాథస్వామి గోపురాన్ని తీసేటప్పుడు ముందున్న మెట్టు 6 మీటర్ల దూరంలో ఉంటే 20 సెంటీమీటర్లు జరగాలి. పీకిన వేరుశనగ మొక్కని 30 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఒక్క సెంటీమీటరు చాలు. అంత చిన్న కదలికకి చేతుల్ని నమ్మకండి. బల్ల మీద స్కేలు పెట్టి, ఫోనుని ఒక చెక్కముక్కకి ఆనించి దాని వెంబడి జరపండి.

ఉదయగిరి కోట కొండ 900 మీటర్ల దూరం నుంచి మామూలు కంటికి చదునైన బొమ్మలాగే ఉంటుంది. 30 మీటర్లు నడిచి రెండో ఫొటో తీస్తే లోయలు, గట్లు విడివిడిగా లేచి కొండ బల్లమీది నమూనాలా కనిపిస్తుంది. భూగోళం పాఠానికి ఇంతకన్నా మంచి కార్డు ఉండదు. కానీ ముందు ఒక్క సర్కారు తుమ్మ కొమ్మ అడ్డొచ్చినా మొత్తం చెడిపోతుంది. ఆ కొమ్మ రెండు ఫొటోల్లో ఎక్కడెక్కడో పడుతుంది, కళ్లు దాన్ని కలపలేవు.

ఫోనులో గీతల గడులు ఆన్ చేసుకోండి. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ లాక్ అవుతాయి. లేదంటే ఒక ఫొటో తెల్లగా, ఇంకోటి నల్లగా వస్తుంది. జూమ్ ముట్టుకోవద్దు. పక్కకు జరిగాక ఫోనుని వస్తువు వైపు తిప్పకూడదు, అది మొదట ఎటు చూసిందో అటే చూడాలి. తిప్పితే గోపురం గీతలు రెండు ఫొటోల్లో రెండు వైపులా వాలతాయి, కళ్లు లాగుతాయి.

కదిలే వాటికి ఈ పద్ధతి పనికిరాదు. ఒంగోలు గిత్త మూపురం, వేలాడే గంగడోలు జంట ఫొటోలో గొప్పగా వస్తాయి గానీ అది చెవి ఆడించకుండా నిలబడదు. దానికి ఒకే మోడల్ ఫోన్లు రెండు నిలువుగా పక్కపక్కన కట్టి, ఒకేసారి నొక్కండి. కెమెరాల మధ్య ఎడం సుమారు 7.5 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి గిత్తకి రెండుంబావు మీటర్లకన్నా దగ్గరికి పోకండి. మైపాడు, కొత్తపట్నం అలలకూ ఇదే దారి.

బంగారు రేకలు మెరిసే నల్ల రాయి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాలిష్ పలకని ఎండలో ఏటవాలుగా, 60 సెంటీమీటర్ల నుంచి, 2 సెంటీమీటర్లు జరిపి తీయండి. మామూలు ఫొటోలో ఆ బంగారు రేకలు పసుపు చుక్కల్లా చచ్చుబడి ఉంటాయి. జంట ఫొటోలో కొన్ని రేకలు ఎడమ కంటికే మెరుస్తాయి, కొన్ని కుడి కంటికే. మెదడు ఆ తేడాని తళుకుగా తీసుకుంటుంది, రాయి నిజంగా మెరుస్తున్నట్టే ఉంటుంది. పలకలో ఆకాశం నీడ పడితే అది రాతి లోపల ఎక్కడో లోతున కనిపిస్తుంది, పిల్లలకి దర్పణాల పాఠం అక్కడే మొదలుపెట్టొచ్చు.

కార్డు కూర్చడం

స్టూడియోల్లో 5 × 7 అంగుళాల ప్రింటు సులువుగా దొరుకుతుంది. గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2100 × 1500 పిక్సెళ్ల ఖాళీ పేజీ తెరిచి, 900 × 900 పిక్సెళ్ల రెండు చతురస్రాలు పక్కపక్కన ఆనించి పెట్టండి. ఎడమ వైపు 150 పిక్సెళ్ల అంచు, కుడి వైపూ అంతే. ఎడమ నుంచి తీసిన ఫొటో ఎడమ చతురస్రంలోకి, కుడిది కుడిలోకి. రెండింటిలో ఒకే గుర్తు, ఉదాహరణకి గోపురం కలశం, పై అంచు నుంచి సరిగ్గా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్క మిల్లీమీటరు ఎత్తుతగ్గులకే కళ్లు నొప్పెడతాయి. స్టీరియోఫొటో మేకర్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ సర్దుబాటు దానంతటదే చేస్తుంది.

ప్రింటు చేతికొచ్చాక స్కేలు పెట్టి కొలవండి. అన్నిటికన్నా దగ్గరి వస్తువు రెండు ఫొటోల్లో ఉన్నచోట్ల మధ్య దూరం 76 మిల్లీమీటర్లు రావాలి. దూరపు వస్తువుకి 78, 79 వరకు ఫర్వాలేదు. దూరపు వస్తువు కొలతే తక్కువ వచ్చిందంటే ఎడమా కుడీ తారుమారయ్యాయి, అలాంటి కార్డులో గోపురం గుంటలా లోపలికి పోతుంది. రెండు కొలతల మధ్య తేడా 4 మిల్లీమీటర్లు దాటితే తీసేటప్పుడే ఎక్కువ జరిగారని అర్థం. దాన్ని కూర్పులో బాగుచేయలేం, మళ్లీ తీయాల్సిందే.

మ్యాట్ కాగితం అడగండి, మెరుపు కాగితం మీద కిటికీ వెలుగు పడి ఒక కన్ను చెదురుతుంది. కాగితానికి సరిపడేలా సాగదీయొద్దని స్టూడియోలో ముందే చెప్పండి. ప్రింటుని మూడున్నర అంగుళాల ఎత్తుకి కోసి, 2 మిల్లీమీటర్ల అట్టకి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించండి. నీళ్ల జిగురు వాడితే వారంలో వంకరపోతుంది.

చూసే పెట్టె

కళ్లద్దాల షాపులో ప్లస్ 5 పవరున్న, ఫ్రేముకి కోయని 65 మిల్లీమీటర్ల గుండ్రటి అద్దాలు రెండు అడగండి. మధ్య బిందువు దగ్గర ఇంకు చుక్క పెట్టించుకోవడం మరవకండి. పవరు సరిచూసుకోవాలంటే, కిటికీ ఎదుటి గోడ మీద అద్దంతో బయటి దృశ్యం పడేలా చేస్తే, గోడకీ అద్దానికీ మధ్య సుమారు 20 సెంటీమీటర్లు రావాలి.

18 × 9 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్కలో 58 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు కోసి, అద్దాల చుక్కల మధ్య 78 మిల్లీమీటర్లు ఉండేలా అతికించండి. కళ్ల ఎడంకన్నా ఇది ఎక్కువ, కావాలనే పెట్టింది. కన్ను అద్దం మధ్య నుంచి కాక ముక్కువైపు పలచటి భాగం నుంచి చూస్తుంది, అప్పుడే 76 మిల్లీమీటర్ల ఎడమున్న ఫొటోలు కళ్లు బయటికి లాక్కోకుండా కలుస్తాయి. చిన్నపిల్లల కళ్ల ఎడం తక్కువైనా ఇదే పెట్టె సరిపోతుంది. చుక్కల మధ్య 63 పెట్టి కట్టడమే ఎక్కువమంది చేసే తప్పు.

ప్లైవుడ్ ముక్క కింద 35 సెంటీమీటర్ల రీపరు బిగించి, దాని మీద జరిగే అడ్డచెక్కకి 3 మిల్లీమీటర్ల గాడి కోసి కార్డు నిలబెట్టండి. అద్దాల నుంచి 15 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య జరగాలి. హ్రస్వదృష్టి ఉండి కళ్లద్దాలు తీసి చూసేవాళ్లు కార్డుని దగ్గరికి లాక్కుంటారు. అద్దాల నడుమ నుంచి కార్డు వైపుకి 12 సెంటీమీటర్ల నల్ల అట్ట నిలబెడితే ఒక కంటికి రెండో ఫొటో కనిపించదు. ముఖం వైపు 4 సెంటీమీటర్ల అట్ట గొడుగు కట్టి లోపల నల్లరంగు వేయండి.

తరగతిలో

ఫొటోలు కలవడానికి మొదటిసారి పదిపదిహేను సెకన్లు పడుతుంది, తొందరపెట్టొద్దు. ఒక్కొక్కరికీ కనీసం నిమిషం ఇవ్వాలి, కాబట్టి 40 మంది తరగతికి నాలుగు పెట్టెలు ఉంటేనే పీరియడ్‌లో పని జరుగుతుంది. కార్డు వెనక ఊరు, దిక్కు, తేదీ, ఎంత జరిపి తీశారో రాయండి. కింద "ఏది ముందుంది, ఏది వెనక?" లాంటి రెండు మూడు ప్రశ్నలు పెట్టండి. జవాబు పిల్లలు కార్డులోనే వెతుక్కోవాలి.

పాత కార్డులు కూడా కలపొచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో వేలకొద్దీ ఉచితంగా ఉన్నాయి, కార్డు మొత్తం వెడల్పు సరిగ్గా 7 అంగుళాలు వచ్చేలా ప్రింటు వేస్తే ఇదే పెట్టెలో చూడొచ్చు. అసలు పాత కార్డు దొరికితే మాత్రం లామినేషన్ చేయించొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. చాలా కార్డుల అట్ట కొద్దిగా వంగి ఉంటుంది. అది అలా చేసిందే, బరువు పెట్టి చదును చేస్తే పైన ఫొటో పగులుతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి.

ఎంతసేపు చూసినా లోతు కనపడని పిల్లలు ఒకరిద్దరు ఉండొచ్చు. ఒక కన్ను మందగించినా, మెల్ల ఉన్నా ఇలాగే అవుతుంది. వాళ్లని అందరి ముందు అడగకుండా, తల్లిదండ్రులకి చెప్పి కంటి డాక్టరు దగ్గరికి పంపండి. ఈ లోపం చిన్న వయసులో పట్టుకుంటే వైద్యం బాగా పనిచేస్తుంది.