విడిభాగం నంబరు చివర అక్షరం మారినప్పుడు

వాహనం పాత విడిభాగం మీది నంబరుకూ కొత్త పెట్టె మీది నంబరుకూ చివరి అక్షరం ఒక్కటే తేడాగా ఉన్నప్పుడు, అది సవరించిన రూపమో, వేరే కొలతల భాగమో తేల్చుకోకుండా కొనకూడదు. ఫోక్స్‌వాగన్ నంబర్లలో మొదటి మూడు స్థానాలు సాధారణంగా ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం రూపొందించారో చెబుతాయి. నాలుగో స్థానంలోని అంకె ప్రధాన విభాగాన్ని సూచిస్తుంది: 1 అయితే ఇంజను, 6 అయితే చక్రాలు, బ్రేకులు. చివరి అక్షరం కొన్నిసార్లు సవరణను, కొన్నిసార్లు పరిమాణ భేదాన్ని తెలుపుతుంది కనుక, ‘సి’ తరువాత వచ్చిన ‘డి’ తప్పక మెరుగైనదని అనుకోవడం ప్రమాదకరం, బ్రేకు డిస్కుల విషయంలో మరీను.

అందుచేత ముందుగా వాహనం 17 స్థానాల ఛాసిస్ నంబరుతో తయారీదారు కేటలాగులో వెతికి, పాత నంబరు స్థానంలో ఏది వచ్చిందో చూడాలి. ఈ మార్పిడి ఒకవైపే చెల్లే సందర్భాలు ఉన్నాయి: కొత్తది పాతదాని చోట అమరినా, పాతది కొత్తదాని చోట పనిచేయకపోవచ్చు. కొత్త రూపానికి వేరే బోల్టులో, కనెక్టరో అవసరమైతే ఆ సంగతి సాధారణంగా కేటలాగు గమనికలో ఉంటుంది. చాలామంది చదవకుండా వదిలేసేది దాన్నే. ఇంజను కంట్రోల్ యూనిట్ (ఇంజను పనిని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం) కొనేటప్పుడు సాఫ్ట్‌వేర్ నంబరును కూడా సరిపోల్చాలి. లోహంలో పోతపోసిన అంకెలు చాలాసార్లు పోత నంబరే (ఆ పోతను గుర్తించే సంఖ్య) గాని విడిభాగం నంబరు కావు.