పాకలో వాలిన ఈగ కుట్టేదా, కాదా?

పశువుల పాకలో ఈగలన్నీ ఒకేలా కనిపిస్తాయి. రక్తం తాగేది ఏదో తేలాలంటే తల దగ్గర చూడాలి. ఇంటి ఈగ తొండం మెత్తగా కిందికి దిగి, చివర వెడల్పుగా ఉంటుంది. నాకడమే తప్ప కుట్టలేదు. కుట్టే పశువుల ఈగ కూడా దాదాపు అంతే, 6-7 మిల్లీమీటర్లు. కాకపోతే సూదిలాంటి నల్ల తొండం తల ముందుకు పొడుచుకొచ్చి, పైనుంచి చూసినా కనిపిస్తుంది. పొట్ట మీద మచ్చలుంటాయి. వీపు మీది నాలుగు చారలు చూసి మాత్రం తేల్చేయకండి, అవి రెండింటికీ ఉంటాయి!

ఈగను పట్టుకోలేకపోతే ఆవు కాళ్లు చూడండి. కళ్ల చుట్టూ, ముట్టె మీద మూగేవి ఎక్కువగా ఇంటి ఈగలే. మోకాళ్ల కింద వాలుతూ, ఆవు పదే పదే గిట్టలు నేలకేసి కొడుతుంటే కుట్టే రకమే. వీటిలో ఆడా మగా రెండూ కుడతాయి; జోరీగల్లో ఆడవి మాత్రమే. జోరీగ బాగా పెద్దది, కుట్టిన చోట నెత్తురు కారుతుంది. పశువుల రక్తంలో సూక్ష్మజీవి చేరి వచ్చే సర్రా జబ్బును కుట్టే ఈగ, జోరీగ రెండూ మోస్తాయి.

మూత్రం, పేడ కలిసి కుళ్లిన తడిగడ్డిలో కుట్టే ఈగ గుడ్లు పెడుతుంది. కుడితి తొట్టి చుట్టూ, గాటి అడుగున వెతకండి. ఆ గడ్డిని వారానికి రెండుసార్లు లాగి ఎండలో పలచగా పరచండి. మందు కొడితే ఎగిరేవి చస్తాయి, గడ్డిలోని పురుగులు అలాగే ఉంటాయి.