తోటివారు ఏడిపిస్తున్న పిల్లలకు అండగా నిలవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలను చూసి, రెండు భాషలూ వచ్చేశాయని మనం మురిసిపోతాం. అయితే ఆ ఒడియాలో తొంగిచూసే తెలుగు యాసను పట్టుకుని రోజూ వెక్కిరిస్తే, ఎనిమిదో తరగతి పిల్లవాడు జవాబు తెలిసి కూడా చేయి ఎత్తడు. జనం నోటి భాషకు గౌరవం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. అక్కడ కూడా యాస సిగ్గుపడవలసిన విషయమైపోవడం విచిత్రమే.

1. ముందు తేడా తేల్చుకోండి. ఆట పట్టించినప్పుడు ఇద్దరూ నవ్వుతారు. ఏడిపించడంలో ఒకరే నవ్వుతారు, అది మళ్లీ మళ్లీ జరుగుతుంది, ఏడిపించేవారికి వయసో బలమో గుంపో అండగా ఉంటుంది.

2. గుర్తులు గమనించండి. సోమవారం ఉదయమే కడుపునొప్పి, ఆదివారం రాత్రి నిద్రపట్టకపోవడం, మూత తీయకుండానే తిరిగివచ్చే టిఫిన్ డబ్బా, ఇష్టంగా ఆడే క్రికెట్ మీద విసుగు కనిపించవచ్చు. కడుపునొప్పిని నటన అనుకోకండి. మనసులోని భయం శరీరంలో నిజమైన నొప్పిగానే బయటపడుతుంది. ఇది నెలల తరబడి సాగితే ఆందోళన, కుంగుబాటు ముదిరి, తప్పు తనలోనే ఉందని ఆ వయసు పిల్లలు నమ్మడం మొదలుపెడతారు. నా దృష్టిలో మార్కులు తగ్గడం కన్నా ఇదే పెద్ద నష్టం.

3. ఎదురుగా కూర్చోబెట్టి ఆరా తీయకండి. కూరలు తరుగుతున్నప్పుడో బండి మీద వెళుతున్నప్పుడో, "బడిలో ఎవరి పక్కన కూర్చుంటున్నావు నాన్నా?" అని అడిగితే మాట దానంతట అదే వస్తుంది. "నువ్వేం అన్నావు వాళ్లని?" అన్న ప్రశ్న మాత్రం ఆ మాటను మళ్లీ లోపలికి నెట్టేస్తుంది.

4. తేదీ, చోటు, అన్న మాట, చూసినవారి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వాట్సాప్‌లో వచ్చినవాటిని చెరపకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

5. అవతలి పిల్లవాడి ఇంటి మీదికి వెళ్లకుండా, ఆ పుస్తకంతో తరగతి ఉపాధ్యాయుడిని కలవండి. అక్కడ పని జరగకపోతే ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఉపాధ్యాయుడే యాసను అనుకరించి నవ్విస్తుంటే, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించిందని గుర్తుచేయండి.

6. చనిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి వినిపించినా ఆలస్యం చేయకుండా, పిల్లవాడిని ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098 ఫోన్ నంబర్లు పగలూ రాత్రీ పనిచేస్తాయి.

7. ఫిర్యాదు తరువాత వేధింపు ఆగినట్టే ఆగి, బడి బస్సులోకో ఫోన్‌లోకో మారవచ్చు. అందుకే కనీసం నెల రోజులపాటు అడుగుతూనే ఉండండి. పక్కన కూర్చునే స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడేమో కనుక్కుని, ఆదివారం అతడిని భోజనానికి పిలవండి.