కమాండ్ లైన్‌లో ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను సర్దడం, అందులోంచి డేటా తీయడం ఎలా?

ఎక్స్‌ఎంఎల్ ఫైలంతా ఒకే వరుసలో ఉన్నప్పుడు గ్రెప్‌తో (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) వెతికితే మొత్తం తెర మీద పడుతుంది. గ్రెప్‌కు వరుసలే తెలుసు, ట్యాగులు తెలియవు. ఈ పనికి సరైనది ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను చదివి తనిఖీ చేసే కమాండ్, ఎక్స్‌ఎంఎల్‌లింట్. మ్యాక్‌లో ముందే ఉంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌ఎక్స్‌ఎంఎల్2-యుటిల్స్ ప్యాకేజీ వేసుకోవాలి. ఇక్కడి కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. బుక్స్.ఎక్స్‌ఎంఎల్ ఉదాహరణకే, ఆ చోట మీ ఫైల్ పేరు పెట్టండి.

1. ముందు తనిఖీ

ఎక్స్‌ఎంఎల్‌లింట్ --నోఅవుట్ బుక్స్.ఎక్స్‌ఎంఎల్

ఏమీ రాకపోతే ఫైల్ బాగున్నట్టే. తప్పుంటే వరుస నంబరు చూపిస్తుంది. తరచూ దొరికే దోషి, విడిగా వదిలేసిన & గుర్తు; దాన్ని &ఏఎంపీ; అని మార్చాలి. మూయని ట్యాగ్ మాత్రం చూపిన వరుసకు చాలా పైన ఉండొచ్చు. తర్వాతి ముగింపు ట్యాగ్ జత కుదరనప్పుడే పార్సర్‌కు (ఫైల్‌ను చదివే భాగం) తేడా తెలుస్తుంది మరి.

2. సర్దడం

ఎక్స్‌ఎంఎల్‌లింట్ --ఫార్మాట్ బుక్స్.ఎక్స్‌ఎంఎల్ --అవుట్‌పుట్ న్యూ.ఎక్స్‌ఎంఎల్

ఒక్కో లోతుకు 2 ఖాళీలు వస్తాయి. ఫలితాన్ని > గుర్తుతో అదే ఫైల్‌లోకి ఎప్పుడూ పంపకండి: కమాండ్ మొదలయ్యేలోపే షెల్ (మీరు కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ను ఖాళీ చేసేస్తుంది. తెలుగు అక్షరాల బదులు &# తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే --ఎన్‌కోడ్ యూటీఎఫ్-8 చేర్చండి.

3. డేటా తీయడం

ఎక్స్‌ఎంఎల్‌లింట్ --ఎక్స్‌పాత్ '//బుక్/టైటిల్/టెక్స్ట్()' బుక్స్.ఎక్స్‌ఎంఎల్

ఎక్స్‌పాత్ అంటే ఫైల్‌లో కావాల్సిన చోటికి దారి చెప్పే రాత; ఇక్కడ అది ప్రతి బుక్‌లోని టైటిల్ పాఠాన్ని అడుగుతోంది. ఒంటి కొటేషన్లు తప్పనిసరి. లేకపోతే బ్రాకెట్లను షెల్ తనకోసం అనుకుంటుంది. ఆట్రిబ్యూట్ (ట్యాగ్ లోపలే రాసే ఐడీ లాంటిది) విలువ ఒక్కటే కావాలంటే 'స్ట్రింగ్(//బుక్/@ఐడీ)' వాడండి, కానీ ఇది మొదటి విలువతోనే ఆగిపోతుంది. ఎన్నోది కావాలో చెప్పే లెక్క 0 నుంచి కాదు, 1 నుంచి. //బుక్[1] అంటే ఫైల్‌లో మొదటి బుక్ అనుకుంటారు చాలామంది. నిజానికి అది ప్రతి పేరెంట్ (బుక్‌ను చుట్టి ఉన్న పై ట్యాగ్) కింద ఉన్న మొదటి బుక్‌ను ఇస్తుంది. ఫైల్ మొత్తానికి మొదటిది (//బుక్)[1].

4. ట్యాగ్ ఉన్నా ఫలితం రాకపోతే

ఎక్స్‌పాత్ సెట్ ఖాళీ అని వస్తే ఫైల్ మొదట్లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఉందేమో చూడండి. ఉంటే ట్యాగులన్నీ ఆ నేమ్‌స్పేస్‌కు (ట్యాగ్ పేర్ల గుంపు) చెందుతాయి, ఉత్త పేరుకు పలకవు. అప్పుడు ఇలా అడగాలి:

'//*[లోకల్-నేమ్()="టైటిల్"]'

వెబ్ పేజీ ఫైళ్లకైతే --హెచ్‌టీఎంఎల్ జోడించాలి. కొత్త ట్యాగుల మీద వచ్చే ఫిర్యాదులు చూడలేకపోతే చివర 2>/డెవ్/నల్ పెట్టండి.